పాత బెల్టుకు కొత్త పని

గోదావరిఖనిలో పుట్టిన పిల్లవాడికి చాలా కాలం వరకు లోకమంతా బొగ్గు గనుల కంపెనీ ఇచ్చినట్టే కనిపిస్తుంది. ఉండే ఇల్లు కంపెనీ క్వార్టరు. నల్లా కంపెనీది, కరెంటు కంపెనీది, జ్వరమొస్తే వెళ్లే దవాఖానా కంపెనీదే. సైరన్ మోగితే ఊరు లేస్తుంది, మళ్లీ మోగితే అన్నానికి కూర్చుంటుంది. గని కార్మికుడు రాజం కొడుకు జగదీశ్వర్ కూడా అలాగే అనుకుంటూ పెరిగాడు. ఎక్కడో ఒక ఆఫీసులో ఒక పెద్దాయన కాగితం మీద సంతకం పెడితేనే ఏ పనైనా అవుతుందని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని మొదట కదిలించింది ఒక మిర్చి బజ్జీల బండి.

ఆ బండి రాజం పనిచేసే గని గేటు ముందు ఉండేది. ఒకసారి కంపెనీ షిఫ్టు వేళలు మార్చింది. మర్నాడు పిల్లవాడు తండ్రికి అన్నం డబ్బా తీసుకుని వెళ్లేసరికి బండి కూడా కొత్త వేళకే వచ్చి, నూనె కాగుతూ, సిద్ధంగా ఉంది.

"బండాయినకు ఆర్డరు ఎవలిచ్చిన్రు నాయినా?" అని అడిగాడు.

రాజం నవ్వాడు. "ఆయినకు ఆర్డరేంది బిడ్డా? మేం ఎప్పుడు బయటికొస్తమో చూసుకుంటడు, వస్తడు."

"ఎవలు చెప్పకుంటనే?"

"ఎవలు చెప్తరు?"

పిల్లవాడు అన్నం డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఆ వయసులో కొందరికి విమానాల పిచ్చి పడుతుంది, కొందరికి సినిమాల పిచ్చి. జగదీశ్వర్‌కు ఆనాటి నుంచి 'ఎవరూ చెప్పకుండా ఇదెట్లా జరిగింది' అనే పిచ్చి పట్టుకుంది. కూరగాయల మార్కెట్‌కు వెళ్తే కొనడం మరచిపోయి, ఈ టమాట ఏ ఊరిది, ఈ లారీ ఇక్కడికే ఎందుకొచ్చింది, నిన్న రాని కాకరకాయ ఇవాళ ఎందుకొచ్చింది అని అడిగేవాడు. అమ్మేవాళ్లు విసుక్కునేవాళ్లు. ఇంటికి ఉత్త సంచీతో వచ్చిన రోజులూ ఉన్నాయి.

అతను ఐటీఐ చదివి, బొగ్గు మోసే కన్వేయర్ బెల్టులను అతికించే ఒక కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరాడు. బెల్టు అంటే రబ్బరునూ గుడ్డనూ పొరలు పొరలుగా కలిపి చేసిన మందమైన పట్టీ. అది తెగినచోట రెండు కొసలనూ మెట్లు మెట్లుగా ఒలిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్రెస్సులో పెట్టి వేడితో అతికించాలి. ఒలవడంలో చెయ్యి తిరగాలి. చాకు ఒక పొరను తెంపి కింది పొరను తాకకూడదు. జగదీశ్వర్‌కు ఆ చెయ్యి తొందరగానే వచ్చింది.

కొన్నాళ్లకు రాజం ఊపిరితిత్తులు పాడై, ఇక డ్యూటీ చేయలేడని డాక్టర్లు తేల్చారు. అలాంటప్పుడు అతని బదులు ఇంట్లో ఒకరికి కంపెనీ ఉద్యోగం ఇస్తుంది. ఊరంతా జగదీశ్వర్‌కే అనుకుంది. కానీ అతని అక్క సంతోషి అప్పటికే భర్తను పోగొట్టుకుని, కూతురు విద్యను తీసుకుని పుట్టింటికి వచ్చింది. "అక్కకే ఇయ్యున్రి, నాకు చేతిల పనున్నది" అన్నాడు జగదీశ్వర్. పెళ్లి చూపుల్లో ముందు 'పిలగాడు పర్మనెంటేనా' అని అడిగే ఊళ్లో ఆ మాట అన్నందుకు చాలామంది అతన్ని తిక్కవాడి కింద జమకట్టారు. సంతోషి మాత్రం ఆ రోజు అన్నం వడ్డిస్తూ తమ్ముడి పళ్లెంలో గుడ్డు ఒకటి ఎక్కువ పెట్టింది.

అతని కథ మలుపు తిరిగింది సెంటినరీ కాలనీ పక్కన. రామగిరి మండలంలో బెల్టు పని పడినప్పుడు అక్కడే కొన్నాళ్లు మకాం ఉన్నాడు. చాయ్‌కి పాలు పోసే ముసలామె పేరు సారవ్వ. బర్రెలను పెట్టుకుని క్వార్టర్లకు పాలు పోస్తుంది. ఒక పొద్దున ఆమె పాలు తక్కువ తెచ్చింది.

"పెద్ద బర్రె సిమెంటు మీద జారి పడ్డది బిడ్డా. తుంటి పట్టుకున్నది. లేస్తలేదు," అంది. తర్వాత అతని చేతిలోని బెల్టు ముక్కను చూసి, "గసోంటిదొకటి కొట్టంల పరుస్తె జారదా?" అని అడిగింది.

పనికిరాని పాత బెల్టులు వేలంలో కొని అమ్మే లింగమూర్తి అనే వ్యాపారికి ఊరి బయట యార్డు ఉంది. జగదీశ్వర్ అక్కడ ఒక ముక్క తీసుకుని, మోటారు సైకిలు వెనుక కట్టుకుని తెచ్చి కొట్టంలో పరిచాడు. మేలు చేశాననుకున్నాడు. వారం తిరిగేసరికి సారవ్వ మొహం చిన్నబుచ్చుకుని ఉంది.

"ఏమైందవ్వా?"

"ఏం జెప్పాలె? పెండ వడితె సబ్బు లెక్క జారుతున్నది. దీనికంటె సిమెంటే నయం."

అతను చాకుతో అడ్డంగా నిలువుగా సన్నని చాళ్లలాంటి గాళ్లు కోసి తెచ్చాడు. బర్రె కాలు నిలిచింది. కానీ ఆ గాళ్లలో ఉచ్చ నిలిచి, పడుకున్నప్పుడు పొదుగు తడుస్తోందని సారవ్వ చెప్పింది. గాళ్లన్నీ కాలువ వైపే పోయేలా మళ్లీ కోశాడు. ఈసారి ముందు కాళ్ల దగ్గర గాళ్లలో గడ్డి ఇరుక్కుంటోంది. అక్కడ గాళ్లు తీసేసి, చిన్న చిన్న గుండ్రని రబ్బరు పొక్కులు వేడితో అతికించాడు. ఆ తర్వాత ఒక సాయంత్రం పెద్ద బర్రె దానంతటదే ముందుకాళ్లు మడిచి, నిదానంగా పడుకుని, నెమరు వేయడం మొదలుపెట్టింది. సారవ్వ దాన్ని చూస్తూ కొట్టం గడపలో కూర్చుంది. జగదీశ్వర్ కూడా కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు బర్రెనే చూశారు.

ఆ వారమే పక్క కొట్టం వాళ్లు అడిగారు. తర్వాత పక్క ఊరు. కాంట్రాక్టరు దగ్గర పని మానేసి, గోదావరిఖని శివారులో ఒక రేకుల షెడ్డు తీసుకుని జగదీశ్వర్ బర్రెల కింద పరిచే మ్యాట్లు చేయడం మొదలుపెట్టాడు.

అప్పటికి విద్య డిగ్రీలో ఉంది. ఆమెకు ఎకనామిక్స్ చెప్పే నాగరత్నం మేడంది కోస్తా కుటుంబం. తండ్రి కరెంటు ప్లాంటులో ఇంజినీరుగా వస్తే ఆమె ఆ ప్లాంటు కాలనీ జ్యోతినగర్‌లోనే పెరిగింది. ఊళ్లో జరిగే ఏదైనా వ్యాపారం గురించి రాసుకురమ్మని ఆమె క్లాసుకు చెబితే, విద్య మామయ్య మ్యాట్ల గురించి రాసింది. అది చదివిన నాగరత్నం ఒకరోజు స్కూటీ మీద షెడ్డుకే వచ్చింది. స్టూలు మీద కూర్చుని, అతను గాళ్లు కోయడం చూసి, సారవ్వ సంగతంతా అడిగి చెప్పించుకుంది.

అంతా చెప్పాక జగదీశ్వర్ చాకు కింద పెట్టాడు. "మేడం, నాకొకటి సమజైతలేదు. మిమ్మల్నే అడుగుత."

"అడగండి."

"మాది బొగ్గు ఊరు. బొగ్గు తవ్వి తీస్తం, పైసలొస్తయి. తీసినకాడ బొంద మిగుల్తది. ఇది సక్కగ ఉన్నది. గాని, ఈ బెల్టు యార్డుల ఊకెనే పడి ఉండె. నేను దానికి ఏం కలుపలె. కోసి ఇంత తీసేసిన కూడ. గయినా దీని ఇలువ పెరిగింది. పెరిగిందాన్ని యాడికెల్లి తీసినం? యాడ బొంద వడ్డది?"

నాగరత్నం మ్యాటు మీద పొక్కులను వేలితో తడుముతూ ఆలోచించింది.

"ఎక్కడా గొయ్యి పడలేదనుకుంటాను," అంది చివరికి. "సారవ్వ తనకు తెలిసింది మీకు చెప్పింది కదా. చెప్పాక ఆమె దగ్గర తగ్గిందా?"

"తగ్గలె."

"మీ దగ్గర పెరిగింది. బొగ్గు ఒకసారి మండితే అయిపోతుంది. తెలిసిన సంగతి అలా అయిపోదు. పదిమంది వాడుకుంటే పదిమందికీ మిగులుతుంది. ఇంకోదానితో కలిస్తే ఇంకా కొత్తది పుడుతుంది. దేశాలు ఎందుకు ఎదుగుతాయి అని అడిగితే మా సబ్జెక్టులో కొందరు చెప్పే జవాబు ఇదేనండీ."

"కొందరేనా?"

ఆమె నవ్వింది. "కొందరే. పెట్టుబడి ముఖ్యమంటారు కొందరు. ప్రభుత్వమే ముందుండి దారి చూపాలంటారు ఇంకొందరు. నేను అన్నీ చెబుతాను క్లాసులో. ఇక్కడికొచ్చాక మాత్రం నాకే ఒకటి అడగాలనిపిస్తోంది. జిల్లాలో బర్రెలన్నిటికీ మ్యాట్లు చేయించమని ఒక పెద్ద ఆఫీసు పెట్టారనుకోండి. ఇలాంటి మ్యాటు వచ్చేదంటారా?"

జగదీశ్వర్ గోడవైపు చూస్తూ ఆలోచించాడు. "మంచిదే వస్తుండె కావచ్చు. రబ్బరు గురించి ఎరుకున్నోళ్లు ఆడ ఉంటరు. గాని గడ్డి ఇరుక్కుంటున్నదని చెప్పెతందుకు సారవ్వ ఆ ఆఫీసుకు పోదు గద మేడం. పోయినా ఎవల దగ్గరికి పోవాల్నో ఎరుకగాదు."

నాగరత్నం తలాడించింది. "తెలిసినదంతా ఒక్కచోట ఉండదు. తలా ఇంత పట్టుకుని ఉంటారు. దాన్ని ఎవరు ఎలా కలుపుతారన్నదే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం." ఆ తర్వాత ఆమె నెలకోసారైనా షెడ్డు వైపు వచ్చేది. ఇద్దరికీ అదొక అలవాటైంది. అతను చూసినవి చెప్పేవాడు, ఆమె చదివినవి చెప్పేది. ఒక్కోసారి రెండూ కలిసేవి కావు. అప్పుడే మాట ఎక్కువసేపు సాగేది.

ఆ మాటలన్నీ ఇంటికొచ్చి చెబితే సంతోషి కొట్టిపారేసేది. డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, "మీ మేడంకు నెల నెల జీతమొస్తది. నాకూ వస్తది. నీ మార్కెట్టు ఎప్పుడు మొకం తిప్పుకుంటదో ఎవలకెరుక?" అనేది. అక్క మాట తప్పని జగదీశ్వర్‌కు ఎన్నడూ అనిపించలేదు.

ముందుగా పాత బెల్టు ధర పెరిగింది. లింగమూర్తి ఉన్నట్టుండి రేటు పెంచేసరికి జగదీశ్వర్ మండిపడి యార్డుకు వెళ్లాడు. "ఏందన్నా గిది? ఇన్ని దినాల సంది కొంటున్న."

"తమ్మీ, నువ్వొక్కనివే కొంటలేవు," అన్నాడు లింగమూర్తి, పక్కన నింపుతున్న లారీని చూపిస్తూ. "మంచిర్యాల నుంచి వస్తున్రు. వాళ్లు ట్రాక్టరు ట్రాలీలల్ల పరుస్తున్రట. నేనేం జెయ్యాలె?"

కోపంతో వెళ్లినవాడు అక్కడే లారీ డ్రైవరును పట్టుకుని, ట్రాలీలో ఎందుకు పరుస్తారు, ఏ మందం కావాలి, ఎన్నాళ్లు ఆగుతుంది అని అడుగుతూ కూర్చున్నాడు. షెడ్డుకు వచ్చాక అంతవరకు పారేస్తున్న అంచుల వైపు చూశాడు. రేటు తక్కువగా ఉన్నన్నాళ్లూ వాటి గురించి ఆలోచించే పనే పడలేదు. ఇప్పుడు కోత మార్చాడు. పెద్ద మ్యాట్ల మధ్య మిగిలే ముక్కలతో దూడలకు చిన్న మ్యాట్లు వచ్చాయి. పొదుపు చెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. మంచిర్యాల వాళ్లు ఎవరో కూడా అతనికి తెలియదు. వాళ్ల అవసరం మాత్రం ఒక ధర రూపంలో అతని షెడ్డు దాకా నడిచి వచ్చి, చాకు పట్టిన చేతిని కొంచెం పక్కకు జరిపింది. ఈ సంగతి నాగరత్నంకు చెప్పినప్పుడు ఆమె మరునాడు క్లాసులో అదే చెప్పిందని విద్య ఇంటికొచ్చి చెప్పింది.

సంతోషి భయపడిన రోజు కూడా వచ్చింది. బయటి నుంచి ఫ్యాక్టరీ మ్యాట్లు దిగాయి. అచ్చులో పోసినవి, తేలికైనవి, ధర కూడా తక్కువ. జగదీశ్వర్ దగ్గరికి వచ్చే ఫోన్లు పలచబడ్డాయి. అతన్ని చూసి మ్యాట్లు మొదలుపెట్టిన మరికొందరికీ అదే పరిస్థితి. ఒకనాడు లింగమూర్తి వాళ్లందరినీ యార్డులో కూర్చోబెట్టాడు.

"పెద్దపల్లికి, కలెక్టరాఫీసుకు పోదాం. అర్జీ పెడదాం," అన్నాడు. "బయటి మ్యాట్లు మన జిల్లాల అమ్మొద్దు. గిది మన బొగ్గు, మన బెల్టు. మన బతుకు మనకే ఉండాలె. జగదీశు, మ్యాటు మొదలు వెట్టింది నువ్వు. నువ్వు ముందుండాలె. ఆ పాలమ్మే అవ్వను గూడ తోల్కరా. ముసలామె చెప్తే సార్లు ఇంటరు."

జగదీశ్వర్‌కు ఆ మాట సబబుగానే తోచింది. షెడ్డు తనది, కష్టం తనది. చేతిలో చాకు పట్టుకుని నేర్చుకున్న పనిని ఎక్కడి నుంచో వచ్చిన ఒక అచ్చు ఎత్తుకుపోతే ఎవరికి నొప్పి ఉండదు? సారవ్వను అడగడానికి మర్నాడే రామగిరి వైపు బయల్దేరాడు.

కొట్టంలోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. పెద్ద బర్రె కింద నల్లగా, కొత్తగా, అచ్చులో పోసిన మ్యాటు ఉంది. అతని మ్యాటు చుట్టి గోడకు ఆనించి ఉంది.

సారవ్వ పాల చెంబు పట్టుకుని వచ్చి, అతన్ని చూసి తడబడింది. "ఎప్పుడొచ్చినవు బిడ్డా?"

అతను చుట్టి పెట్టిన మ్యాటు వైపే చూశాడు. అందరూ కొన్నా సారవ్వ కొనదని అతను అనుకున్నాడు. ఆ మ్యాటులో సగం ఆమెదే. ఆమె తనే అంది:

"కోపానికి రాకు. నీది మంచిదే. బర్రెకు మంచిది. నాకే..."

"నీకేమైందవ్వా?"

"బరువు బిడ్డా. రోజు లేపి కడగాలె. నీది లేపాలంటె ఇద్దరు మొగోళ్లు గావాలె. పక్కింటోళ్లను ఎన్నిసార్లు పిలుస్త? నడుము వట్టుకుంటున్నది. గిదైతె ఒక్కదాన్నె మలుపుకుంట."

జగదీశ్వర్ గోడకు ఆనించిన తన మ్యాటు దగ్గరికి వెళ్లి ఒక చేత్తో ఎత్తబోయాడు, లేవలేదు. తెచ్చి పరిచేటప్పుడు ప్రతిసారీ ఎవరో ఒకరు సాయం పట్టేవాళ్లు. పరిచి వచ్చేసేవాడు. దాన్ని రోజూ ఎవరు లేపుతారు, ఎట్లా లేపుతారు అన్నది అతని తలలోకి ఎన్నడూ రాలేదు. బర్రె గురించి అంత అడిగినవాడు సారవ్వ నడుము గురించి అడగలేదు.

"మొదాలే ఎందుకు చెప్పలేదవ్వా?"

"నువ్వు అంత ఇష్టంగ చేసినవు. ఎట్ల చెప్పాలె?"

అతను కొత్త మ్యాటు దగ్గర గొంతుకూర్చుని, అంచు మడిచి, అడుగున ఏముందో చూశాడు. అడుగంతా తేనెపట్టులా గుల్లగా ఉంది. బరువు తగ్గడానికి అదీ ఉపాయం. బాధ బాధగానే ఉంది కానీ, చేతులు మాత్రం ఆ గుల్లను వదల్లేదు. పెద్దపల్లి మాట అతను ఎత్తలేదు. ఆమె కూర్చోబెట్టి పోసిన చాయ్ తాగి వచ్చేశాడు.

ఆ సాయంత్రం షెడ్డుకు వచ్చిన నాగరత్నంతో అర్జీ సంగతి చెప్పాడు. ఆమె సలహా ఇస్తుందనుకుంటే ఇవ్వలేదు. "మీ పొట్ట మీద కొట్టే విషయంలో పుస్తకం చూసి మాట్లాడటం నాకు సుళువు. అందుకే చెప్పను," అంది.

"నేను సంతకం పెడ్తె ఏమైతది మేడం?"

"మీకే తెలియాలి."

"సారవ్వ నడుము మల్ల నొస్తది," అన్నాడు జగదీశ్వర్.

అతను పెద్దపల్లికి వెళ్లలేదు. లింగమూర్తి మిగతావాళ్లను తీసుకుని వెళ్లొచ్చాడు. చూస్తామన్నారట. ఆ తర్వాత చాలా రోజులు లింగమూర్తి జగదీశ్వర్‌తో మాట్లాడలేదు. సంతోషి మాట్లాడింది. "నువ్వు మంచోనివే తమ్మీ. మంచోనికి ఇల్లెట్ల గడుస్తది? నా జీతంల నీ ముద్ద ఉంటది, ఫికర్ జెయ్యకు. గాని ఏదన్న ఒక దారి జూస్కో," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే అతనికి ఎక్కువ తగిలింది.

బరువు తగ్గించాలని అతను తన పాత విద్యనే పట్టుకున్నాడు. మందపు బెల్టును పొరలుగా ఒలిచి, పలుచని పట్టీలు తీశాడు. తేలికయ్యాయి. కొట్టంలో పరిస్తే బర్రె డెక్కలకు చిరిగిపోయాయి. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ చిరిగాయి. పలుచని పట్టీలు షెడ్డులో ఒక మూల గుట్టగా పడ్డాయి. మ్యాట్ల పని దాదాపు ఆగిపోయింది. బతుకుతెరువుకు ఎక్కడ బెల్టు తెగితే అక్కడికి వెళ్లి అతికించి రావడం మొదలుపెట్టాడు.

అలా వెళ్లిందే పెద్దపల్లి దగ్గరి రైసుమిల్లు. మిషన్లు చూసుకునే బిక్షం అనే పెద్దమనిషి పిలిపించాడు. వడ్లను పైకి మోసే బెల్టు తెగింది. పని అయ్యాక చేతులు కడుక్కుంటూ జగదీశ్వర్ పైకి చూశాడు. వడ్లు పైనుంచి జారి వచ్చే ఇనుప గొట్టం వంపు దగ్గర గోనెసంచులు చుట్టి, తీగతో కట్టి ఉన్నాయి.

"గదేందన్నా?"

"బొక్క పడ్డది. రేకు ఎయ్యాలె. ఏసినా మల్ల పడ్తది."

"ఏం తాకి పడ్డది?"

"ఏం తాకుతది? వడ్లే."

"వడ్లా?" జగదీశ్వర్ నమ్మలేదు. "వడ్లు ఇనుమును కోస్తయా?"

బిక్షం గుప్పెడు వడ్లు తీసి అతని అరచేతిలో పోశాడు. "రుద్దు. గరుకు సూడు. రాత్రింబగళ్లు గిదే జారుతుంటె ఇనుమేంది, ఇంకేదైనా అరుగుతది."

జగదీశ్వర్ బొటనవేలితో రుద్దాడు. చిన్నప్పటి నుంచి తింటున్న అన్నానికి ఇంత గరుకు పైతొడుగు ఉంటుందని అతనికి ఆనాడే తెలిసింది. రుద్దుతూ ఉండగానే బొగ్గు ప్లాంటులో బొగ్గు జారే తొట్లు గుర్తుకొచ్చాయి. వాటి లోపల రబ్బరు అతికిస్తారు. రాయి పడినా రబ్బరు లోనికి కుంగి తిరిగి లేస్తుంది, ఇనుము మాత్రం అరిగిపోతుంది. ఇదే పని ఇక్కడ ఎవరూ ఎందుకు చేయలేదు? బొగ్గు దగ్గర పనిచేసేవాళ్లు వడ్ల మిల్లుకు రారు. వడ్ల మిల్లు వాళ్లకు బొగ్గు తొట్లను చూసే పని పడదు. మధ్యలో ఉన్నది పెద్దపల్లి రోడ్డే. అయినా ఆ రోడ్డు మీద ఈ సంగతి మాత్రం ఇంతవరకు ప్రయాణం చేయలేదు.

మందపు బెల్టు ఆ వంపులో వంగదు. పలుచనిది వంగుతుంది. మర్నాడు షెడ్డులోని పట్టీలు తెచ్చి, గొట్టం విప్పించి, లోపల అతికించాడు. "ఆగుతదా?" అని బిక్షం అడిగితే, "ఎరుకలేదన్నా. ఆగకుంటె నాకు ఫోన్ జెయ్యి, ఎక్కడ చిరిగిందో చూస్త," అన్నాడు.

ఫోను వచ్చింది. చేసింది బిక్షం కాదు, మిల్లు యజమాని రాజకుమారి. మామ పోయినప్పటి నుంచి మిల్లు ఆమే నడుపుతోంది. "ఒకసారి రాన్రి," అంది పొడిగా. చిరిగిందనుకుని జగదీశ్వర్ చాకూ జిగురూ సర్దుకుని వెళ్లాడు.

గొట్టం బాగానే ఉంది. రాజకుమారి అతన్ని మిల్లు పక్కనే ఉన్న తన ఆఫీసు గదిలోకి తీసుకెళ్లి కూర్చోమంది. ఏమీ మాట్లాడకుండా కాసేపు ఊరుకుంది.

"ఇనవడుతున్నదా?" అని అడిగింది తర్వాత.

"ఏంది మేడం?"

"గదే. ఏం ఇనవడ్తలేదు గద!" ఆమె మొహం వెలిగిపోయింది. "మిల్లు నడుస్తున్నది. వడ్లు ఇనుము మీద రాళ్లవాన లెక్క పడేటియి. ఫోన్ల మాట్లాడాలంటె రోడ్డు దాంక పోయేదాన్ని. ఇంటికి పోయినంక గూడ చెవులల్ల అదే మోత. బొక్కల సంగతి బిక్షమన్న సూసుకుంటడు. నాకైతె గీ నిమ్మళం గావాలె. అన్ని గొట్టాలకు ఎయ్యున్రి. తొట్లకు గూడ."

జగదీశ్వర్ మిల్లు వైపు చెవి పెట్టి విన్నాడు. తను అమ్మింది బొక్క పడని గొట్టం. ఆమె కొన్నది నిశ్శబ్దం. తన సరుకులో అది ఉందని తనకే తెలియదు. ఆమె చెప్పకపోతే ఎన్నటికీ తెలిసేది కాదు.

రాజకుమారి మిల్లు తర్వాత సుల్తానాబాద్ వైపు మిల్లులు పిలిచాయి. కొందరు అరుగుదల ఆపడానికి, ఎక్కువమంది మోత తగ్గించడానికి. జగదీశ్వర్ మళ్లీ లింగమూర్తి యార్డుకు వెళ్లాడు. పాత బెల్టు బేరం మళ్లీ మొదలయ్యాక లింగమూర్తి అలక కూడా కరిగింది. రెండేళ్లు తిరక్కుండానే ఇంకొందరు గొట్టాలకు రబ్బరు వేయడం నేర్చారు. అందులో ఇద్దరికి జగదీశ్వరే ఒలవడం నేర్పాడు. ఎందుకు నేర్పావని సంతోషి అడిగితే, "వాళ్లు ఏదో ఒకటి మారుస్తరక్కా. ఏం మారుస్తరో నాకు చూడాలనున్నది," అన్నాడు. ఆమె తల పట్టుకుంది. నాగరత్నం ఆ మాట విని చాలా నవ్వింది. అందరూ అలా ఉండరనీ, దెబ్బతిన్నవాళ్లందరికీ ఇంకో రైసుమిల్లు దొరకదనీ కూడా ఆమె అంది. మ్యాట్లు మానేసిన ఒకతను ఇప్పుడు ఆటో నడుపుతున్నాడని జగదీశ్వర్‌కు తెలుసు. అతని పనితనం జగదీశ్వర్ కంటే తక్కువదేం కాదు. ఆ సంగతి జగదీశ్వర్ ఎవరి దగ్గరా దాచడు.

ఈ మధ్య మోత ఎక్కడుంటే అతను అక్కడికి వెళ్తున్నాడు. మొన్న గోదావరిఖనిలోనే ఒక ఫంక్షన్ హాలు వెనక్కి వెళ్లాడు. పెళ్లి భోజనాలయ్యాక స్టీలు పళ్లాలు తొట్లలో పడేస్తుంటే ఆ గలగల వీధి దాకా వినిపిస్తోంది. అక్కడ పళ్లాలు కడిగే ఆమె దగ్గర నిలబడి, తొట్టి అడుగున రబ్బరు వేస్తే చప్పుడు తగ్గుతుందని చెప్పడం మొదలుపెట్టాడు.

ఆమె చెయ్యి ఆపకుండానే అంది: "చప్పుడుదేమున్నదన్నా, అలవాటైంది. పొద్దందాక గీ నీళ్లల్ల నిలవడి నిలవడి కాళ్లు నాని పాసిపోతున్నయి. దానికేమన్న ఉంటే చెప్పు."

జగదీశ్వర్ మధ్యలోనే మాట ఆపేశాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, ఆమె పక్కన ఆ తడి గచ్చు మీద గొంతుకూర్చున్నాడు.

"యాడ నిలవడ్తవక్కా? నీళ్లు యాడికెల్లి వస్తయి? ఒకసారి చూపియ్యి."

ఆమె పళ్లెం పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని, తను నిలబడే చోటు చూపించింది.